బ్యాంకాక్ చతుచక్ వారాంతపు సంత: దారి, బేరం, తిండి, సామాను (అనుభవజ్ఞులు చెప్పండి)

కొత్తప్రయాణం
అందరికీ నమస్కారం. మేం నలుగురం, అందులో అమ్మకు 62 ఏళ్లు. హైదరాబాద్ నుంచి ప్యాకేజీలో వెళ్తున్నాం. హోటల్ ప్రతూనామ్‌లో. చతుచక్‌కి ఒక శనివారం మాత్రమే కుదురుతుంది. ఇద్దరం శాకాహారులం, అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు. బట్టలు, పింగాణీ సామాను, వీలైతే రెండు మొక్కలు కొనాలని ఉంది. ఎన్నింటికి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, ఎంత డబ్బు పట్టుకెళ్లాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మోచిట్_మావయ్య
ముందు ఒక మాట. ప్యాకేజీలో బ్యాంకాక్ రోజులు శని, ఆదివారాల్లోనే పడుతున్నాయో లేదో ఏజెంటును ఇప్పుడే అడగండి. సంత నిండుగా జరిగేది ఆ రెండు రోజులే, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. బుధ, గురువారాల్లో ఉండేది మొక్కల సంత ఒక్కటే. శుక్రవారం రాత్రి కొన్ని కొట్లు తీస్తారు కానీ అది ఎక్కువగా టోకు బేరగాళ్ల రాత్రి, చూడటానికి వెళ్లేది కాదు. చాలా ప్యాకేజీల్లో మొదట పటాయా, తర్వాత బ్యాంకాక్ ఉంటాయి. లెక్క కుదరకపోతే ఆ వరస తిప్పమని అడగండి. టికెట్లు తీయకముందైతే ఏజెంట్లు ఒప్పుకుంటారు.

ఇక దారి. ప్రతూనామ్ నుంచి రాచ్చప్రారోప్ స్టేషన్‌కి నడవండి. అది విమానాశ్రయం రైలు లైను. ఒక్క స్టాపు ఎక్కి ఫయా థాయ్‌లో దిగాలి. ఆ లైను అక్కడితో ఆఖరు కాబట్టి దిగడం మర్చిపోయే భయం లేదు. అక్కడే బీటీఎస్‌కి (ఊళ్లో వంతెన మీద నడిచే రైలు) మారి, ఖూ ఖోట్ వైపు వెళ్లే బండి ఎక్కండి. అయిదో స్టాపు మో చిట్. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో "మో చిట్ ఆఖరి స్టేషన్, అందరూ దిగేస్తారు" అని ఉంటుంది. లైను 2020లో ఖూ ఖోట్ దాకా సాగింది. ఆ మాట నమ్మి కూర్చుంటే నేరుగా ఊరవతలికి పోతారు.

మో చిట్‌లో 1వ నంబరు ద్వారం. మెట్లు దిగి జనం వెంట నడిస్తే అయిదు నిమిషాలు. టాక్సీలో వెళ్లేట్టయితే "మో చిట్" అని మాత్రం అనకండి. ఆ పేరుతో పెద్ద బస్టాండు కూడా ఉంది, అక్కడికి తీసుకుపోతాడు. "తలాత్ నత్ చతుచక్" అనండి. తలాత్ అంటే బజారు, నత్ అంటే ఫలానా రోజున కలుద్దామని పెట్టుకున్న గడువు. అచ్చంగా మన వారపు సంతే! 1940లలో అప్పటి థాయ్ ప్రభుత్వం ఊరూరా ఇలాంటి సంత ఉండాలంది. బ్యాంకాక్‌లో చాలాకాలం సనామ్ లువాంగ్ మైదానంలో నడిచి, 1982లో ఇప్పుడున్న చోటికి వచ్చింది.

పంజగుట్ట_పోరడు
మావయ్యా, పెద్దమ్మ ఉన్నరు కదా, మో చిట్ కంటే కంఫేంగ్ ఫెట్ మెట్రో మంచిగుంటది. 2వ నంబరు ద్వారం ఎక్కితే సీదా సంత లోపలనే తేలుతరు, ఎండల నడిచే పని లేదు. ఒక్కటే, ప్రతూనామ్ నుంచి మెట్రోకి మారాలంటే చుట్టు తిరుగుడు. గందుకే పోయేటప్పుడు బీటీఎస్, వచ్చేటప్పుడు చేతిల సంచులు ఉంటయి కాబట్టి మెట్రో ఎక్కి సుఖుమ్‌విత్‌ల దిగి టాక్సీ పట్టుకోండ్రి. మెట్రో గేటు మీద వీసా, మాస్టర్ కార్డు తాకిస్తే చాలు, లైన్ల నిలబడి టోకెన్ కొనుడు లేదు. అంతర్జాతీయ వాడకం మాత్రం బ్యాంకు యాప్‌ల ముందే ఆన్ చేసుకోండ్రి.

టైము ముచ్చట: 9 గంటలకే పోయి ఏం జేస్తరు? బట్టల కొట్లు సగం 10 దాటినంకనే షట్టర్ లేపుతయి.

మోచిట్_మావయ్య
పోరడు చెప్పింది బట్టల వరకు నిజమే. కానీ ఎండ కొట్లు తెరిచేదాకా ఆగదు కదా. లోపలి సందులు మూడు, నాలుగు అడుగుల వెడల్పు, పైన రేకులు, గాలి ఆడదు. మధ్యాహ్నం 12 దాటాక పెద్దవాళ్లకు అక్కడ నిలబడటం కష్టం. నా లెక్క ఇది: 9:30కి చేరండి. మొదటి గంట చుట్టూ ఉన్న వెడల్పు రోడ్డు మీద నడవండి, తినండి, కుండీలు చూడండి. 10:30 నుంచి 1 దాకా లోపలి సందులు. 1కి బయటపడి పక్కనే ఉన్న జేజే మాల్‌లోనో మిక్స్ట్ చతుచక్‌లోనో ఏసీలో కూర్చోండి. ఓపిక ఉంటే 4 తర్వాత మళ్లీ ఒక చుట్టు. శనివారం మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య లోపల సందుల్లో భుజం తిప్పే చోటు ఉండదు.

అంతా చూద్దామని మాత్రం వెళ్లకండి. 27 సెక్షన్లు, వేల కొట్లు. ఒక్క పూటకి మూడు సెక్షన్లు పెట్టుకుంటే ఎక్కువ.

కొత్తప్రయాణం
సెక్షన్ నంబర్లు ఎలా గుర్తుపట్టాలి? మ్యాపులో చూస్తే అంతా ఒకేలా ఉంది.

మోచిట్_మావయ్య
నడుమ ఒక గడియార స్తంభం ఉంది. 1987లో అప్పటి రాజు భూమిబోల్ 60వ పుట్టినరోజుకి కట్టారు. తప్పిపోతే కలుసుకునే చోటు అదే. బయలుదేరేముందే "ఎవరు విడిపోయినా అరగంటలో గడియారం కింద" అని చెప్పుకోండి. జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ కూడా ఇబ్బంది పెడుతుంది.

ప్రతి కొట్టు నుదుటి మీద సెక్షన్, సందు, కొట్టు నంబరు రాసి ఉంటాయి. సందుని సోయ్ అంటారు. "సెక్షన్ 3, సోయ్ 43, ఫలానా కొట్టు" అన్నట్టు. నచ్చిన వస్తువు దగ్గర రెండు ఫోటోలు తీయండి, ఒకటి వస్తువుది, ఒకటి ఆ పలకది. "మళ్లీ వచ్చి కొందాం" అనుకున్నవాళ్లలో చాలామంది ఆ కొట్టు మళ్లీ కనుక్కోలేరు. పలక ఫోటో ఉంటే కనుక్కోవచ్చు. లేకపోతే నచ్చినప్పుడే కొనేయండి. అయిదు పది బాట్ల తేడా కోసం వెనక్కి నడవడం ఆ ఎండలో దండగ.

నంబర్లు ఉజ్జాయింపుగా: 2, 3, 4 బట్టలు, ఇంటి అలంకరణ. 5, 6 పాత బట్టలు, జీన్సులు, బూట్లు. 7 బొమ్మలు గీసేవాళ్లు. 17, 19 చుట్టుపక్కల పింగాణీ. 26లో పాతకాలపు వస్తువులు. ఇది గీత గీసినట్టు ఉండదు, పింగాణీ మధ్యలో చెప్పుల కొట్టు, చెప్పుల పక్కన సబ్బులు, అలా.

పంజగుట్ట_పోరడు
బట్టల సంగతి నేను చెప్తా. మూడు మాటలు యాదుంచుకోండ్రి.

ఒకటి, సైజు. అక్కడి ఎల్ మన ఎం కంటే చిన్నగుంటది, ముఖ్యంగా భుజాల కాడ, చంకల కాడ. వేసుకొని చూడనియ్యరు చాలా కొట్లల్ల. ఇంటి కాడనే మీకు సరిపోయే చొక్కా ఒకటి పరిచి, చంక నుంచి చంక దాకా కొలిచి ఫోన్‌ల రాసుకోండ్రి. జేబుల చిన్న టేపు పెట్టుకోండ్రి. కొట్టాయన కూడా మెచ్చుకుంటడు, టైము మిగులుతది కదా.

రెండు, ఏనుగు బొమ్మల ప్యాంట్లు. అందరూ కొంటరు, 100 నుంచి 150 బాట్ల నడుమ ఉంటయి. గుడ్డ రేయాన్, పల్చగ. ఎప్పుడు చినిగినా కాళ్ల నడుమ కుట్టు కాడనే చినుగుతది. కొనే ముంగట ఆ కుట్టుని రెండు చేతులతోని మెల్లగ గుంజి చూడు. దారం నడుమ సందు కనవడితే పెట్టేయ్, ఇంకోటి తీస్కో. ఇంటికొచ్చినంక మొదటి రెండు ఉతుకులు చల్లనీళ్లల్ల, విడిగ. ఎరుపు, నీలం గట్టిగ దిగుతయి.

మూడు, బేరం. సగానికి సగం అడిగే బజారు కాదది. ఒక్కటి కొంటే పది శాతం తగ్గితే గొప్ప. అసలు తాళంచెవి మూడు. అంటే మూడు పీసులు. చాలా కొట్లల్ల మూడు తీసుకుంటే టోకు ధర ఇస్తరు, కొన్ని చోట్ల బోర్డు మీదనే రాసి ఉంటది. మూడు ఒకటే డిజైన్ ఉండాల్నా, కలిపి తీసుకోవచ్చునా అని అడుగుండ్రి, చాలామంది కలపనిస్తరు. నలుగురు ఉన్నరు కదా, విడివిడిగ కొనకుండ ఒక్క కొట్ల కలిపి కొంటే అదే పెద్ద బేరం.

గళ్లచొక్కా
పోరడా, ఒక సవరణ. పది శాతం అన్నది కొత్త బట్టలకు సరే. 5, 6 సెక్షన్లలో పాత జీన్సులకు, 26లో పాత వస్తువులకు గట్టిగానే బేరం ఆడొచ్చు, ఎందుకంటే అక్కడ ధర కొట్టాయన మనసులో ఉంటుంది, బోర్డు మీద ఉండదు. కానీ అక్కడ కూడా గొంతు పెంచితే పని కాదు. మన దగ్గర సుల్తాన్ బజార్‌లో "ఇస్తావా పొమ్మంటావా" అని నడిచిపోయినట్టు నటిస్తాం. అక్కడ నిజంగానే పొమ్మంటారు, వెనక నుంచి పిలవరు. నవ్వుతూ అడగాలి, కాలిక్యులేటర్ చేతికిస్తే అందులో అంకె కొట్టాలి, అంతే.

మాటలు: "థావ్ రాయ్" అంటే ఎంత. "లోత్ దాయ్ మాయ్" అంటే తగ్గుతుందా. మగవాళ్లు చివర "ఖ్రప్", ఆడవాళ్లు "ఖా" కలపాలి. అది లేకపోతే మాట మొరటుగా వినిపిస్తుంది, మన "అండీ" లేనట్టు. అంకెలు: సోంగ్ రెండు, సామ్ మూడు, సీ నాలుగు, హా అయిదు, సిప్ పది, రోయ్ వంద. "సామ్ రోయ్ హా సిప్" అంటే 350. ఇంతమాత్రం చెవికి పడితే కాలిక్యులేటర్ లేకుండా పని జరుగుతుంది.

కొత్తప్రయాణం
డబ్బు నగదుగా ఎంత ఉంచుకోవాలి? అక్కడ క్యూఆర్ కోడ్లు ఉంటాయట కదా?

లగేజీ_లెక్క
ప్రతి కొట్టు ముందు క్యూఆర్ పలక వేలాడుతుంది. అది థాయ్‌లాండ్ వాళ్ల ప్రాంప్ట్‌పే, అక్కడి బ్యాంకు ఖాతాలకు. మన యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు. కార్డు తీసుకునే కొట్లు తక్కువ, తీసుకున్నా చిన్న మొత్తానికి మూడు శాతం అదనం అడుగుతారు. నగదే.

అక్కడి ఏటీఎంలో విదేశీ కార్డుతో తీస్తే ఎంత తీసినా ఒకసారికి 220 బాట్లో అంతకంటే ఎక్కువో రుసుము పడుతుంది. దాని మీద మన బ్యాంకు వాత వేరే. రెండు వేలు తీసి 220 కట్టడం కంటే ఒకేసారి తీయడం మేలు. మిషను "మా మార్పిడి రేటు ఒప్పుకుంటారా" అని అడిగితే వద్దు అని నొక్కండి. ఒప్పుకుంటే మరో నాలుగైదు శాతం పోతుంది. చాలామంది కంగారులో పచ్చ బటన్ నొక్కేసేది అక్కడే.

రూపాయలు, డాలర్లు మార్చుకోవాలంటే విమానాశ్రయం లోపలి కౌంటర్లలో అవసరానికి మాత్రమే మార్చండి. ప్రతూనామ్ దగ్గరే పెద్ద మార్పిడి కొట్లు ఉన్నాయి, అక్కడ రేటు మెరుగు. పాస్‌పోర్టు అడుగుతారు. సంతకి వెళ్లేముందు సెవెన్ ఇలెవన్‌లో నీళ్ల సీసా కొని 1,000 నోటు విడిపించుకోండి. పొద్దున్నే 60 బాట్ల బేరానికి 1,000 చూపిస్తే కొట్టావిడ చిల్లర కోసం పక్క కొట్టుకి పరిగెత్తాలి. 20, 50, 100 నోట్లు, అయిదు బాట్ల నాణేలు ఉంచుకోండి. మరుగుదొడ్లకి డబ్బు ఇవ్వాల్సి రావచ్చు, అక్కడ పెద్ద నోటు పనికిరాదు. కాగితం కూడా వెంట ఉంచుకోండి.

ఉల్లిలేని_వంట
కొత్తప్రయాణం గారూ, అమ్మగారి తిండి విషయంలో ఒక్క మాట పట్టుకోండి: "జే". శాకాహారం అని చెప్పడానికి థాయ్‌లో "మాంగ్ సవిరత్" అనే మాట ఉంది, కానీ అందులో గుడ్డు రావచ్చు, ఉల్లి, వెల్లుల్లి వస్తాయి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేనిది. మీకు కావాల్సింది సరిగ్గా అదే. గుర్తు: పసుపు జెండా మీద ఎర్ర అక్షరం. మన కంటికి అది అచ్చు 17 అంకెలా కనిపిస్తుంది. ఆ 17 ఉన్న కొట్టు దగ్గర ధైర్యంగా తినొచ్చు. చైనా పంచాంగం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు జే పండగ వస్తుంది. చాలా ఏళ్లు అది మన దేవీ నవరాత్రుల రోజుల్లోనే పడుతుంది. అప్పుడు వెళ్తే ఊరంతా పసుపు జెండాలే.

జెండా లేని కొట్టులో ఏం తప్పు జరుగుతుందంటే, "నో మీట్" అంటే ముక్కలు తీసేసి ఇస్తారు, చేపల పులుసునీళ్లు మాత్రం పోస్తారు. దాన్ని నామ్ ప్లా అంటారు, వాళ్లకది ఉప్పుతో సమానం, మాంసం కింద లెక్క కాదు. మోసం కాదు, అలవాటు. "మాయ్ సాయ్ నామ్ ప్లా" అంటే అది వేయొద్దని. కాని అంతటితో అయిపోదు. పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు పడతాయి, మీకు వేయకపోయినా రోలు అంతకుముందు అవి దంచినదే, కడగరు. పాద్ థాయ్‌లో నామ్ ప్లా, గుడ్డు, ఎండు రొయ్య మూడూ ఉంటాయి. కూరల్లో ఆయిస్టర్ సాస్. వేపుళ్లన్నీ ఒకే నూనె.

నిశ్చింతగా తినగలిగేవి: మామిడిపండు, జిగురన్నం. కొబ్బరిపాలు, పంచదార, ఉప్పు, పైన వేయించిన పెసరపప్పు, అంతే. కోసిన పండ్లు, అయితే వాటితో ఇచ్చే కారం పొట్లం కొన్నిచోట్ల రొయ్యపొడితో ఉంటుంది, విప్పకుండా పక్కన పెట్టేయండి. లేత కొబ్బరి బోండాం.

ఇంకొకటి కొబ్బరి ఐస్‌క్రీం, ఇది దగ్గరుండి చూడాల్సిన పని. లేత కాయని రెండు చెక్కలు చేసి నీళ్లు గ్లాసులో పోసి ముందు చేతికిస్తారు. తర్వాత చెక్క లోపలి లేత కొబ్బరిని గరిటెతో పొరలుగా గీరి అందులోనే వదిలేసి, పైన మూడు నాలుగు ఉండలు పెడతారు. మీదకు వేయించిన పల్లీలు, మొక్కజొన్న, జిగురన్నం, పారదర్శకంగా ఉండే గింజలు, వీటిలో ఏవి కావాలో చూపించాలి. ఆ గింజలు చిన్న తాటి ముంజల్లా ఉంటాయి, అవీ ఒక రకం తాటిజాతి కాయవే. సుమారు 50 బాట్లు. కొందరు పైన పాలు పోస్తారు, వద్దంటే మానేస్తారు. ఎండకి కరిగిపోతుంది, నిలబడే తినేయాలి.

పండ్లబుట్ట
పండ్లకైతే సంతలో కొనకండి, రోడ్డు దాటండి. కంఫేంగ్ ఫెట్ మెట్రో 3వ ద్వారం దగ్గర ఓర్ టోర్ కోర్ బజారు. రోజూ ఉంటుంది, నేల తుడిచినట్టు శుభ్రం, పైన ఎత్తైన కప్పు. ధర ఎక్కువే, కానీ కాయ మోసం చేయదు.

అక్కడ అందరూ పడే గుంట ఒకటుంది: "ఖీత్". ఒలిచిన దూరియన్ (పనసలా ముళ్లతో, ఘాటు వాసనతో ఉండే పండు) పళ్లెం మీద తక్కువ అంకె కనిపించి సంబరపడతారు. అది కిలోకి కాదు, ఖీత్‌కి. ఖీత్ అంటే 100 గ్రాములు. 80 అని రాసి ఉంటే కిలో 800. పళ్లెం తూకం మీద పెట్టాక బిల్లు చూసి గొడవపడేది దీనికే. ముందే "కిలోనా, ఖీతా" అని వేలితో చూపించి అడగండి.

కాయగా కొంటే తొక్క బరువుకీ డబ్బు ఇస్తాం. దూరియన్‌లో తినే తొన మూడో వంతు కూడా ఉండదు. నలుగురికి ఒక పళ్లెం, 400 గ్రాములు, చాలు. మోన్‌తోంగ్ రకం తీపి, వాసన తక్కువ, మొదటిసారి తినేవాళ్లకు అదే. తూర్పు జిల్లాల కాపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా. అక్కడే తినేయాలి. రైళ్లలో ఎక్కనివ్వరు, హోటళ్లలో రానివ్వరు, చాలాచోట్ల గోడమీద గీత కొట్టిన దూరియన్ బొమ్మ ఉంటుంది.

మాంగోస్టీన్ మాత్రం బొటనవేలితో నొక్కి కొనండి. కొంచెం లోపలికి పోవాలి. రాయిలా ఉంటే లోపల ఎండిపోయింది. కాయ అడుగున చిన్న పువ్వు గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. పిల్లలకు ఇదో సరదా. తొక్క రసం బట్టకు అంటితే పోదు, హోటల్ తువ్వాలుకు అంటిస్తే జరిమానా వేస్తారు.

మట్టికుండ
పింగాణీ గురించి అడిగారు. రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. లేత ఆకుపచ్చ మెరుపు, వెంట్రుకవాసి పగుళ్ల గీతలతో ఉండేది సెలడాన్, చియాంగ్ మాయ్ వైపు పని. ఆ గీతలు లోపం కాదు, మెరుపు పూత చల్లారేటప్పుడు కుంచించుకుపోయి వచ్చినవి. రెండోది రంగులు, బంగారు అంచుతో ఉండే బెంచరోంగ్. ఆ పేరు మన పంచరంగమే, సంస్కృతం నుంచి వెళ్లింది. బంగారు గీత ఉన్న గిన్నె మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, పీచుతో తోమితే గీత పోతుంది. పూజగదికో అద్దాల బీరువాకో తప్ప రోజువాడకానికి కొనకండి.

కొనేటప్పుడు గిన్నెని అరచేతిలో నిలిపి గోటితో అంచు మీద కొట్టండి. గణగణ మంటే సరే. గొంతు పూడినట్టు మొద్దుగా వినిపిస్తే ఎక్కడో పగులు ఉంది. తర్వాత బల్లమీద పెట్టి ఊగుతుందేమో చూడండి.

సర్దడం దగ్గరే సగం సామాను పోతుంది. కొట్టువాళ్లు కట్టే వార్తాపత్రిక హోటల్ దాకా సరిపోతుంది, విమానానికి చాలదు. ప్రతి ముక్కని విడిగా బుడగల కాగితంలో చుట్టాలి. మూతని టీకుండ మీద పెట్టి చుడితే రెండూ రాసుకుని అంచు లేస్తుంది, మూత వేరే. కప్పు లోపల మేజోడు కుక్కాలి. పళ్లేలను ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు, పెట్టె కుదుపు మొత్తం అడుగు పళ్లెం మీద పడుతుంది. పుస్తకాల్లా నిలబెట్టాలి. పెట్టె గోడకి, సామానుకి మధ్య అన్ని వైపులా నాలుగు వేళ్ల మందాన బట్టలు ఉండాలి. మూత వేసి ఊపండి, లోపల చప్పుడు వస్తే మళ్లీ విప్పండి. ముందు విరిగేది ఎప్పుడూ కప్పు చెవే, అందుకే చెవి పైకి ఉండేలా పెట్టాలి.

గ్రానైటు రోలూ బండా చూసి మనవాళ్లు మురిసిపోతారు. ఏడు అంగుళాలదే అయిదారు కిలోలు తూగుతుంది. మన ఊళ్లో తిరణాలలో దొరికేదాన్ని అంతదూరం మోయడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

కొత్తప్రయాణం
పెద్ద కుండీ ఒకటి నచ్చితే పార్శిల్ వేయొచ్చా?

లగేజీ_లెక్క
సంతలో, చుట్టుపక్కల పార్శిల్ కంపెనీల కౌంటర్లు ఉన్నాయి. కానీ విమాన పార్శిల్‌లో బరువు రెండు రకాలు. అసలు తూకం ఒకటి, చోటు తూకం ఒకటి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించాలి. 40 చొప్పున ఉన్న చదరపు పెట్టె అయితే 64,000, భాగిస్తే 12.8 కిలోలు. లోపల కుండీ నాలుగు కిలోలే అయినా 12.8కే కట్టాలి. పైగా ఇక్కడ దిగాక సుంకం. 600 బాట్ల కుండీకి ఇదంతా గిట్టదు. విమానం సంస్థ వెబ్‌సైటులో ముందే అయిదు కిలోలు అదనపు బ్యాగేజీ కొనుక్కోండి, కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు కట్టేదానికంటే చాలా తక్కువ పడుతుంది.

వ్యాట్ వాపసు గురించి కూడా అడుగుతుంటారు. అది నమోదైన దుకాణాల్లో, ఒక్కరోజు ఒక్కచోట 2,000 బాట్లకు తగ్గకుండా కొంటే, వాళ్లు ఫారం రాసిస్తేనే. సంత కొట్లలో ఆశ పెట్టుకోకండి.

తొట్టితోట
మొక్కలు. ఇది చెప్తే నిరాశపడతారు కానీ చెప్పాలి. బుధ, గురువారాల్లో అక్కడికి వెళ్తే కళ్లు తిరుగుతాయి. ఆర్కిడ్లు, అగ్లోనిమాలు, ఎడారి గులాబీలు, మన కడియంలో 300 చెప్పేవి అక్కడ సగం ధరకి. కానీ మన దేశంలోకి మొక్క, విత్తనం, దుంప, ఏది తేవాలన్నా ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే తెగుళ్ల రహిత ధ్రువపత్రం రెండూ కావాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు అదే. కొట్టావిడ "నో ప్రాబ్లం, వేరు కడిగి ఇస్తా" అంటుంది. వేరు కడిగితే మట్టి పోతుంది, చట్టం పోదు. శంషాబాద్‌లో తీసుకుంటే మొక్కతో పాటు మర్యాద కూడా పోతుంది.

తెచ్చుకోదగ్గవి: కుండీలు, గోడకి తగిలించే స్టాండ్లు, సన్నమూతి నీళ్లడబ్బాలు, మొక్కల పేరు రాసే పలకలు, మంచి కత్తెరలు. కత్తెర చెక్-ఇన్ సామానులోనే.

లగేజీ_లెక్క
తేకూడనివాటి మాట వచ్చింది కాబట్టి మిగతావి కూడా. బుద్ధ విగ్రహాలు: థాయ్‌లాండ్ నుంచి బయటికి తీసుకెళ్లాలంటే వాళ్ల లలితకళల శాఖ అనుమతి కావాలి, కొత్తదైనా, పాతదైనా. మెడలో వేసుకునే చిన్న బిళ్లలకు ఇబ్బంది లేదు. తల మాత్రమే ఉన్న బుద్ధుడి బొమ్మని అలంకరణకి కొనడం అక్కడివాళ్లకు మనసు కష్టపెట్టే పని. వినాయకుడి బొమ్మలు కూడా బోలెడు దొరుకుతాయి, ఫ్రా ఫికనేత్ అంటారు. వాటిలో పాతవని చెప్పి అమ్మేవాటి జోలికి పోకండి.

ఏనుగు దంతం, పగడపు దిబ్బ ముక్కలు, తాబేటి చిప్ప: వద్దు. ఈ-సిగరెట్లు అక్కడా నిషేధం, ఇక్కడా నిషేధం.

గంజాయి సంగతి గట్టిగా చెప్పాలి. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో దాన్ని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది, 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉంటేనే అని బిగించింది. ఆకు గుర్తున్న బిస్కట్లు, జెల్లీ బిళ్లలు, టీ పొట్లాలు కనిపిస్తే పిల్లల చేతికి అందనివ్వకండి. ఇక్కడ అది నేరుగా ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసు. బ్యాంకాక్ నుంచి దిగినవాళ్ల సామానులో హైడ్రోపోనిక్ గంజాయి పట్టుబడటం శంషాబాద్‌లో పదేపదే జరుగుతోంది. "మా తమ్ముడికి ఈ చాక్లెట్ డబ్బా ఇవ్వండి అన్నా" అని తెలుగులో పలకరించి పొట్లం ఇచ్చేవాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోవద్దు, ఎంత మొహమాటమైనా సరే.

తొట్టితోట
పెంపుడు జంతువుల వరస కూడా. ఆ పక్కకి పిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మంచిది. ఇరుకు పంజరాలు, వాసన. 2024 జూన్‌లో పక్కనున్న శ్రీసోమ్‌రత్ మార్కెట్‌లో ఆ కొట్లే తగలబడి వందలాది జీవాలు కాలిపోయాయి. చిన్న తాబేలో బల్లో జేబులో పెట్టుకు రావొచ్చనే వెర్రి ఆలోచన ఎవరికైనా ఉంటే, అది వన్యప్రాణుల కేసు.

వేదిక_నిర్వాహకుడు
విమాన టికెట్ల చర్చ వేరే పేజీలో ఉంది, ఇక్కడ సంత గురించే రాయండి. దూరియన్ మంచిదా పనస మంచిదా అన్న వాదనను తొలగించాను.

కొత్తప్రయాణం
అందరికీ కృతజ్ఞతలు. రెండే ప్రశ్నలు మిగిలాయి. వాన వస్తే పరిస్థితి ఏంటి? అమ్మ మధ్యలో అలసిపోతే కూర్చునే చోటు ఉందా?

మోచిట్_మావయ్య
వాన మే మధ్య నుంచి అక్టోబర్ దాకా, ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే దంచుతుంది. రేకులు ఉంటాయి కాబట్టి లోపల తడవరు, కానీ రేకుకీ రేకుకీ మధ్య సందులో ధార పడుతుంది, నేల మీద మడమ దాకా నీళ్లు నిలుస్తాయి. బూట్లు కాదు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. గొడుగు లోపల తెరవలేరు, ఎదుటివాళ్ల కళ్లలో పొడుచుకుంటుంది. పల్చటి ప్లాస్టిక్ వానకోటు ఏ సెవెన్ ఇలెవన్‌లోనైనా దొరుకుతుంది.

కూర్చోవడానికి సంత లోపల తిండి కొట్ల బల్లలే, ఏదో ఒకటి కొంటేనే. అమ్మగారికి కాళ్లు నొప్పులైతే పాదాలకు మాలిష్ చేసే కొట్లు ఉన్నాయి, అరగంట కూర్చుంటే విశ్రాంతీ అవుతుంది, ఫ్యాను గాలీ తగులుతుంది. ధర బయట బోర్డు మీద ఉంటుంది, బేరం ఉండదు. ఉచితంగా అయితే మో చిట్ వైపున్న చతుచక్ ఉద్యానవనం. చెట్లు, చెరువు, నీడ. ఒక చాప తీసుకెళ్లండి.

పంజగుట్ట_పోరడు
సంచి ఎనకకి కాదు, ముంగటికి వేసుకోండ్రి. ఫోన్ ఎనక జేబుల వద్దు. గడియారం కాడ, ఐస్‌క్రీం కాడ జనం గుంపైతరు, జేబుదొంగలకి గదే కావాలె. ఇంకోటి, బయట టుక్‌టుక్ ఆయన "ఇయ్యాల సంత బంద్, నేను వేరే దగ్గరికి తీస్కపోతా" అంటే నవ్వి ముంగటికి నడువుండ్రి. శని, ఆదివారం సంత బంద్ ఉండదు.

ఉల్లిలేని_వంట
కొత్తప్రయాణం గారూ, "జే" అన్న థాయ్ అక్షరాన్ని ఫోన్‌లో పెద్దగా ఫోటో పెట్టుకుని తెర మీద ఉంచండి. నోటితో చెప్తే మన ఉచ్చారణకి వాళ్లు "జేజే" (చతుచక్ సంత పొట్టిపేరు) అనుకుని సంతకి దారి చూపిస్తారు.

కొత్తప్రయాణం
😄 పెట్టేసుకున్నాను. టేపు కూడా సంచిలో వేశాను.